బాగా మోగే రంపం మిషనే ముందుగా పట్టేస్తుంది!

సొంత మార్పులు చేసిన మిషన్లలో ఇంజను జబ్బులు - తోటలోనే కనిపెట్టే మార్గాలు

గూడూరు: ఒకప్పుడు గొడ్డలి దెబ్బలు వినిపించిన సరుగుడు తోటల్లో ఇప్పుడు పెట్రోలు రంపాల రొద వినిపిస్తోంది. గూడూరుకు తూర్పున చిల్లకూరు, కోట, వాకాడు, చిట్టమూరు వైపు సముద్రం దాకా పరచుకున్న ఇసుక నేలల్లో సరుగుడు కోత చాలామటుకు ఈ మిషన్ల మీదనే నడుస్తోంది. శ్రీహరికోట కట్టెలు బకింగ్‌హాం కాలువలో పడవలెక్కి మద్రాసు పొయ్యిల్లోకి చేరిన రోజుల్లో ప్రతి కట్టే మనిషి భుజబలంతో తెగిందే. ఈనాడు సెంట్రింగు గుంజలకైనా, కాగితం మిల్లుకు పోయే దుంగలకైనా మిషను ఉన్నవాడికే పని ముందు దొరుకుతోంది.

చెయిన్ సా అని కంపెనీలు పిలిచే ఈ యంత్రాన్ని మనవాళ్ళు రంపం మిషను అంటారు, కటింగ్ మిషను అంటారు. అది ఒక్కరోజు మూలపడిందంటే నష్టం కోసేవాడొక్కడిదే కాదు. కొమ్మలు కొట్టేవారు, మోసేవారు, లోడు ఎత్తేవారు అందరూ చెట్టు కింద కూర్చోవలసిందే. లారీ వచ్చి నిలబడితే మేస్త్రీకి అదొక తలనొప్పి. అందుకే మిషను మొరాయించగానే చేతికందిన స్క్రూ డ్రైవరుతో ఏదో ఒకటి తిప్పేస్తారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతున్నది.

మిషను పట్టుకుని మెకానిక్కు దగ్గరకు వచ్చేవారిది దాదాపు ఒకటే మాట. "నిన్నటిదాకా బ్రహ్మాండంగా మోగింది అన్నా, ఈ పొద్దు తాడు లాగితే రావడం లేదు" అంటారు. ఆ మాటలోనే రోగం ఉంది. రెండు స్ట్రోకుల ఇంజను చనిపోయేముందే అందరికన్నా గట్టిగా, సన్నగా, జోరుగా మోగుతుంది.

ముందు చెయిను చూడండి

ఇంజను జోలికి పోయేముందు చేయవలసిన పని ఒకటుంది. కోత దగ్గర రాలుతున్న పొట్టును అరచేతిలోకి తీసుకుని చూడాలి. బియ్యపు గింజల్లాగా పేళికలు పడుతున్నాయా, లేక పిండిలా పడుతోందా? పిండిలా పడితే జబ్బు ఇంజనుది కాదు, చెయినుది. పళ్ళు మొద్దుబారితే మిషను లాగదు, పొగ వస్తుంది, కోసేవాడు ఒత్తిడి పెంచుతాడు, ఇంజను కాగుతుంది. మన తోటల్లో చెట్టును నేలకు ఆనించి కోస్తారు గనుక బారు కొన ఒక్కసారి ఇసుకలో దిగినా పదును పోతుంది. మిషనుతోపాటు గుండ్రటి ఆకురాయి జేబులో ఉండి తీరాలి. మనవాళ్ళ మిషన్లలో ఎక్కువగా కనిపించే 325 పిచ్ చెయినుకు 4.8 మిల్లీమీటర్ల ఆకురాయి సరిపోతుంది. ఇంత చిన్న విషయానికి ఇంజను విప్పించుకున్నవారు తక్కువేమీ కాదు.

మార్పులు ఎన్నో

కొన్నాళ్ళు తిరిగిన మిషను కంపెనీ నుంచి వచ్చిన రూపంలోనే ఉండడం మన వైపు అరుదు. జోరు పెరుగుతుందని సైలెన్సరులోని జల్లెడ తీసివేస్తారు, పొగ రంధ్రం పెద్దది చేస్తారు. 18 అంగుళాల బారు వచ్చిన మిషనుకు లావు దుంగలు కోయాలని 22, 24 అంగుళాల బారు తగిలిస్తారు. కార్బొరేటర్ పోతే గడ్డి కోసే మిషనుది తెచ్చి అమరుస్తారు. అట్ట ముక్కతోనో, సైకిలు ట్యూబుతోనో ప్యాకింగు కోసుకుంటారు. పెట్రోలు గొట్టం పగిలితే సెలైన్ ట్యూబు తొడుగుతారు. గాలి ఫిల్టరు బదులు గుడ్డ చుడతారు.

వీటన్నిటినీ తప్పుపట్టవలసిన పని లేదు. సామాన్లు దొరకని చోట పని ఆగకుండా నడిపించే తెలివి మామూలు తెలివి కాదు. అయితే ఈ మార్పుల్లో చాలావాటి ఫలితం ఒకటే. ఇంజనులోకి పోయే గాలికి, పెట్రోలుకు మధ్య కంపెనీవాడు పెట్టిన లెక్క తప్పుతుంది. పొగ రంధ్రం పెద్దదైతే ఇంజను ఎక్కువ గాలి పీలుస్తుంది, పెట్రోలు మాత్రం పాత లెక్కనే వస్తుంది. ప్యాకింగు సరిగా కూర్చోకపోతే పక్కనుంచి గాలి దూరుతుంది. మిశ్రమం పలచబడుతుంది.

మిశ్రమం పలచబడితే ఏమవుతుంది? మోటారు సైకిలుకు, కారుకు ఇంజను కింద ఆయిలు తొట్టి వేరే ఉంటుంది. రంపం మిషనుకు అది లేదు. పెట్రోలులో మనం కలిపిన ఆయిలే పిస్టన్‌కూ, బేరింగులకూ తడి. ఆ పెట్రోలే లోపల కొంత చలవ కూడా. పెట్రోలు తగ్గితే తడి తగ్గింది, చలవ తగ్గింది, మంట వేడి పెరిగింది. ఖాళీగా నిమిషానికి పది పన్నెండు వేల చుట్లు తిరిగే ఇంజనుకు ఇది చాలు. అల్యూమినియం పిస్టన్ ఉబ్బి సిలిండరు గోడను రాసుకుంటుంది. దానినే మనం ఇంజను పట్టేసింది అంటున్నాం.

చెవితో చేసే పరీక్ష

కార్బొరేటర్ మీద మూడు స్క్రూలుంటాయి. ఎల్ అన్నది మెల్లగా తిరిగేటప్పటి పెట్రోలుకు, హెచ్ అన్నది పూర్తి జోరులో పెట్రోలుకు, టి అన్నది ఐడ్లింగు వేగానికి. ఎల్, హెచ్ రెండూ గడియారం ముల్లు తిరిగే వైపు బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది, ఎదురు తిప్పితే పెరుగుతుంది. హెచ్ బిగించగానే జోరు పెరిగినట్టు వినిపిస్తుంది. ఆ ఆశతోనే మరో చుట్టు బిగిస్తారు. అది కొన్న జోరు కాదు, అప్పు తెచ్చిన జోరు.

సరిచేసే పద్ధతి ఇది. ముందుగా ఫిల్టరు శుభ్రం చేయాలి, చెయిను పదును పెట్టాలి. ఎల్, హెచ్ రెంటినీ మెత్తగా అడుగంటేదాకా బిగించి, చెరొక చుట్టు వెనక్కు తిప్పాలి. గట్టిగా నొక్కి బిగిస్తే లోపలి సూది మొన చెడిపోతుంది. చాలా మిషన్లకు ఒకటి నుంచి ఒకటిన్నర చుట్టు మధ్య లెక్క కుదురుతుంది, మిషనుతో వచ్చిన పుస్తకం ఉంటే అదే ప్రమాణం. ఇంజనును మూడు నాలుగు నిమిషాలు వేడెక్కనిచ్చి, ఐడ్లింగులో చెయిను తిరగకుండా టి స్క్రూ సరిచేయాలి. ట్రిగ్గరు నొక్కగానే ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగబోతే ఎల్ కొంచెం వదలాలి.

ఇక అసలు పరీక్ష. బారు గాలిలో ఉంచి రెండు మూడు సెకన్లు పూర్తి జోరు ఇవ్వాలి. ఇంజను సన్నగా ఈల వేసినట్టు మోగకూడదు. కొంచెం నత్తిగా, గరగరలాడుతూ మోగాలి. దుంగలో పెట్టగానే ఆ గరగర పోయి సాఫీగా లాగాలి. అప్పుడే మిశ్రమం సరిగా ఉన్నట్టు. ఖాళీలో కూడా సాఫీగా కీచుమంటే హెచ్‌ను వెంటనే కొద్దిగా వదలాలి. దుంగలో పెట్టినా గరగర పోకపోతే పెట్రోలు ఎక్కువైంది, కాస్త బిగించాలి. చేతి గడియారంలో పావుగంట జరిగినంత కన్నా ఒకేసారి తిప్పవద్దు.

కొన్ని మిషన్ల కాయిల్లోనే వేగాన్ని అడ్డుకునే ఏర్పాటు ఉంటుంది. అవి మిశ్రమం పలచగా ఉన్నా గరగరమంటాయి. అక్కడ చెవి మోసపోతుంది. అందుకని పని మధ్యలో ఆపి ప్లగ్గు విప్పి చూడాలి. కొన పాలు కలిపిన టీ రంగులో ఉంటే మంచిది. తెల్లగా సున్నం పూసినట్టుంటే ప్రమాదం ముంచుకొచ్చింది. నల్లగా జిడ్డుగా ఉంటే పెట్రోలో, ఆయిలో ఎక్కువైంది.

మరో ఉచ్చు ఉంది, అనుభవం ఉన్నవారు కూడా పడుతున్నది. ఫిల్టరు పొట్టుతో మూసుకుపోతే గాలి తగ్గి పెట్రోలు ఎక్కువవుతుంది, మిషను మందగిస్తుంది. కోసేవాడు హెచ్ బిగిస్తాడు, జోరు వస్తుంది. సాయంత్రం ఇంట్లో ఫిల్టరు కడుగుతాడు. మర్నాడు గాలి పూర్తిగా వస్తుంది, హెచ్ మాత్రం బిగిసే ఉంది. రెండో ట్యాంకు పెట్రోలు అయ్యేలోపల ఇంజను పట్టేస్తుంది. మనిషేమో ఫిల్టరు కడిగినందువల్లే చెడిందని నమ్ముతాడు!

దొంగ గాలి

ట్రిగ్గరు వదిలినా జోరు వెంటనే దిగకుండా కొంతసేపు అలాగే మోగుతోందా? ఒక్కో పూట ఒక్కో రకంగా ఐడ్లింగు మారుతోందా? మిషనును పక్కకు వంచితే చప్పుడు మారుతోందా? అయితే ఎక్కడో దొంగ గాలి దూరుతోంది. స్క్రూలు తిప్పి దీన్ని బాగుచేయలేరు. తిప్పినకొద్దీ లెక్క తప్పుతుంది.

గాలి దూరే చోట్లు నాలుగే. కార్బొరేటరుకు, సిలిండరుకు నడుమ ఉండే రబ్బరు గొట్టం. సొంతంగా కోసిన ప్యాకింగులు. సిలిండరు అడుగు కీలు. మాగ్నెట్ చక్రం వెనకా, క్లచ్ వెనకా ఉండే రెండు ఆయిల్ సీళ్ళు. పొడవు బారు తగిలించి బలవంతంగా కోసే మిషన్లలో క్లచ్ వైపు సీలు వేడికి గట్టిపడి ముందుగా పోతుంటుంది.

దీనికి ఊళ్ళో చేయదగ్గ పరీక్ష ఉంది. సైలెన్సరు, కార్బొరేటర్ విప్పి ఆ రెండు రంధ్రాలనూ, గాలి విసురు కోసం ఉండే సన్న రంధ్రాన్నీ దళసరి రబ్బరు ముక్కలు పెట్టి బోల్టులతో మూయాలి. పిస్టన్‌ను కిందికి దించి, ప్లగ్గు రంధ్రానికి గొట్టం బిగించి సైకిలు పంపుతో మెల్లగా గాలి కొట్టాలి. కొలతలో చెప్పాలంటే అర కిలో ఒత్తిడి మించకూడదు. కీళ్ళ మీద, సీళ్ళ మీద సబ్బు నురగ రాస్తే గాలి పోయేచోట బుడగలు లేస్తాయి. పంక్చరు షాపు కంప్రెసరుతో మాత్రం ఈ పని చేయవద్దు. బాగున్న సీళ్ళు కూడా ఎగిరిపోతాయి. కొన్ని సీళ్ళు లోపలినుంచి కొట్టినప్పుడు బాగానే ఉండి, ఇంజను పీల్చేటప్పుడే గాలి వదులుతాయి. అవి తెలియాలంటే గాలి పీల్చే పంపు ఉన్న మెకానిక్కు దగ్గరకు పోవలసిందే.

తాడు లాగినా లేవకపోతే

పది సార్లు తాడు లాగి ప్లగ్గు విప్పండి. తడిగా ఉందా, పొడిగా ఉందా?

తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది. ప్లగ్గు తీసే ఉంచి, చోక్ వదిలి, మిషనును బోర్లించి నాలుగైదు సార్లు తాడు లాగితే లోపలి పెట్రోలు బయటికి చిమ్ముతుంది. ఆ దగ్గర్లో బీడీ ఉండకూడదని వేరే చెప్పనక్కరలేదు. ఆరిన ప్లగ్గు బిగించి చోక్ లేకుండా లాగాలి. నిప్పు రాకపోతే ముందు కొత్త ప్లగ్గు వేసి చూడాలి, తర్వాత స్విచ్చి తీగ ఎక్కడైనా బాడీకి తగులుతోందేమో చూడాలి. సముద్రపు గాలికి మాగ్నెట్ చక్రం, కాయిల్ కాళ్ళు తుప్పు పడతాయి. ఆ తుప్పును సన్న కాగితంతో గీకి, రెంటి మధ్య విజిటింగు కార్డు మందం సందు ఉంచి బిగిస్తే చాలు. పెళ్ళిపత్రిక దళసరి పనికిరాదు.

పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. ట్యాంకులోని ఫిల్టరు, గొట్టం చూడాలి. సెలైన్ ట్యూబు పెట్రోలులో నానితే కొన్నాళ్ళకు కర్రలా బిగుసుకుని మూతి దగ్గర వదులవుతుంది, పెట్రోలు బదులు గాలి పీలుస్తుంది. పెట్రోలుకు తట్టుకునే గొట్టమే వేయాలి.

గొట్టం, ఫిల్టరు బాగుండి కూడా పెట్రోలు రాకపోతే సొంత ప్యాకింగు మీద అనుమానపడాలి. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో కరెంటు రంపాన్ని, 1929లో పెట్రోలు రంపాన్ని తయారుచేశాడు. ఆ తొలి యంత్రాలను పట్టుకోవడానికి ఇద్దరు కావాలి, ఇష్టం వచ్చినట్టు వంచి కోయడానికి కుదరదు. పలుచని పొర ఉన్న డయాఫ్రం కార్బొరేటర్ వచ్చాకే మిషనును పక్కకు తిప్పినా, బోర్లించినా నడవడం సాధ్యమైంది. ఆ పొరను ఆడించేది ఇంజను కింది గదిలోంచి వచ్చే గాలి విసురు. అది రావడానికి అగ్గిపుల్లంత రంధ్రం ఒకటుంటుంది. అట్టతో ప్యాకింగు కోసేటప్పుడు పెద్ద రంధ్రం, బోల్టు రంధ్రాలు కోసి ఈ చిన్నదాన్ని మరచిపోతారు. లేదా ప్యాకింగును తిరగేసి బిగిస్తారు. అప్పుడు ప్లగ్గు రంధ్రంలో నాలుగు చుక్కలు పోస్తే ఇంజను లేచి, రెండు సెకన్లు మోగి ఆగిపోతుంది. ఎన్నిసార్లు పోసినా అంతే. వేరే మిషను కార్బొరేటర్ తగిలించినప్పుడు ముందు చూడవలసింది ఈ రంధ్రాన్నే.

పది నిమిషాలకే ఆగిపోతే

బాగా నడిచి, పది నిమిషాలకు ఆగి, చల్లారితే మళ్ళీ లేచే జబ్బు మరొకటి. ఆగిన వెంటనే, ఇంజను వేడి నుంచి ముఖం దూరంగా ఉంచి, ట్యాంకు మూత మెల్లగా వదులు చేయండి. గాలి లోపలికి పీల్చిన చప్పుడై, ఆ తర్వాత మిషను లేస్తే ట్యాంకు గాలి రంధ్రం మూసుకుపోయినట్టే. దాన్ని శుభ్రం చేస్తే పైసా ఖర్చు లేదు. మూత వదిలినా లేవకపోతే వేడి మీదనే నిప్పు వస్తోందో లేదో చూడాలి. వేడెక్కితే పని మానే కాయిల్ ఉంటుంది, దాన్ని మార్చడమే.

ఆయిలు కొలత మరచిపోయిన తరం

లూనా, టీవీఎస్ 50 రోజుల్లో బంకులోనే పెట్రోలులో ఆయిలు కలిపి పోసేవారు. టీవీఎస్ మోపెడ్ కూడా 2015లో ఎక్స్ఎల్ 100తో నాలుగు స్ట్రోకుల ఇంజనుకు మారింది. ఇప్పటి కుర్రవాళ్ళకు ఆ కలుపుడు తెలియదు. లీటరుకు 20 మిల్లీలీటర్లు కలిపితే యాభైకి ఒకటి, 40 కలిపితే ఇరవైఐదుకు ఒకటి. ఏది కలపాలో మిషను పుస్తకం చెబుతుంది, ఆయిలు రకాన్ని బట్టి కూడా మారుతుంది. దగ్గు మందు సీసాతో వచ్చే గీతల మూత ఈ కొలతకు దివ్యంగా పనికొస్తుంది. కలపవలసింది టూటీ ఆయిలు. బండిలోంచి తీసిన పాత ఆయిలు కాదు. ఎక్కువ పోస్తే మంచిదని పోసేవారి మిషన్లలో ప్లగ్గు నల్లబడి, పొగ రంధ్రం మసితో సగం పూడిపోతుంది.

మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఇథనాల్ ఉన్న పెట్రోలుకు అదే స్క్రూ లెక్కన మిశ్రమం ఇంకొంత పలచబడుతుంది. పాత రబ్బరు గొట్టాలు, డయాఫ్రం పొరలు గట్టిపడే అవకాశం ఉంది. పైగా అది తేమను పీలుస్తుంది, మన తీరంలో తేమకు కరువు లేదు. నీరు మితిమీరితే ఇథనాల్, నీరు కలిసి డబ్బా అడుగుకు దిగుతాయి. ఆ అడుగు భాగంలో ఆయిలు ఉండదు. అదే ఇంజనుకు పోతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పదిహేను రోజులకు సరిపడా మాత్రమే కలుపుకోవాలి. పోసేముందు డబ్బా కుదపాలి. పని లేని నెలల్లో ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తానుగా ఆగిపోయేదాకా నడిపి పెట్టాలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పటిలా ఒక్కసారిగా చెట్లు విరిగిపడితే, మూలనున్న మిషన్లన్నీ దుమ్ము దులిపి బయటికి తీస్తారు. నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలుతో అవి లేవకపోవడంలో వింత లేదు.

ఇంజనుతో సంబంధం లేకపోయినా ఒక మాట చెప్పక తప్పదు. ముందు చేతిపిడి దగ్గర ఉండే చెయిను బ్రేకును అడ్డంగా ఉందని విప్పి పారేస్తున్నారు. బారు కొన దుంగకు తగిలి మిషను ముఖం మీదికి ఎగిరినప్పుడు చెయినును ఆపేది అదొక్కటే. ఏ మార్పునైనా సమర్థించవచ్చు గాని దీన్ని సమర్థించడానికి వీలులేదు.

పట్టేసిన తర్వాత

సైలెన్సరు రెండు బోల్టులు విప్పి, రంధ్రంలోంచి టార్చిలైటు వేస్తే పిస్టన్ కనిపిస్తుంది. తిరగలి గీతల్లాగా అడ్డంగా సన్న గీతలుంటే పిస్టన్ క్షేమం, తాడు రాకపోవడానికి కారణం వేరే. నిలువుగా లోతైన గీతలుంటే పట్టేసినట్టే. ఆ గీతలు పొగ రంధ్రం వైపు మాత్రమే ఉంటే వేడికి, అంటే చాలాసార్లు పలచ మిశ్రమానికి గుర్తు. చుట్టూరా ఉంటే ఆయిలు కలపడం మరచిపోయారని అనుమానించాలి. గాలి వచ్చే వైపు మాసి అరిగి ఉంటే ఫిల్టరు బదులు చుట్టిన గుడ్డ చేసిన పని అది, ఇసుక దూరింది.

ఇక్కడ చాలామంది చేసే పని సిలిండరును లేతు షాపుకు తీసుకుపోయి బోరు చేయించడం. మోపెడ్ సిలిండరు లోపల ఇనుము కాబట్టి బోరు చేసి ఓవర్‌సైజు పిస్టన్ వేసేవారు. రంపం మిషను సిలిండరు అల్యూమినియం, దాని లోపల గట్టి పూత మాత్రమే ఉంటుంది. బోరు చేస్తే ఆ పూత పోతుంది. గరుకు కాగితంతో గట్టిగా రుద్దినా ఎక్కువకాలం నిలవదు. పూత లేచిపోతే సిలిండరు, పిస్టన్, రింగులు కలిసిన కిట్టు వేయడమే దారి.

కిట్టు వేసేముందు ఇంజను ఎందుకు పట్టేసిందో తేల్చుకోవాలి. సీలు వదులై గాలి దూరుతుంటే కొత్త పిస్టన్ కూడా పాతదాని దారే పడుతుంది. రెండు సీళ్ళు, రబ్బరు గొట్టం, కంపెనీ ప్యాకింగులు కిట్టుతోపాటే మార్చడం ఖర్చయినా నష్టం కాదు. సైలెన్సరు రంధ్రం పెద్దది చేసి ఉంటే హెచ్ స్క్రూ పాత లెక్కకన్నా ఎక్కువ వదలాలి. అంత వదిలినా గరగర రాకపోతే ఆ కార్బొరేటర్ ఆ రంధ్రానికి చాలదు, పాత సైలెన్సరే మళ్ళీ బిగించాలి. మొదటి నాలుగైదు ట్యాంకులు సన్నపాటి కొమ్మలు కోస్తూ, హెచ్ కాస్త వదులుగా ఉంచి నడిపి, ఆ తర్వాతే లావు దుంగల మీదికి పోవాలి.